కథ అయిపోయాక... వెనక్కి!

సీక్వెల్‌లో గోడకు తగిలించిన ఒక్క ఫొటోలోంచి ఆరేళ్ల తర్వాత ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్ పుట్టింది. మన మాహిష్మతిలో అదే ప్రయత్నం మాత్రం షూటింగ్ దగ్గరే ఆగిపోయింది. వెనక్కి వెళ్లే కథల్లో కొన్ని నిలబడి, కొన్ని చతికిలబడటానికి కారణం ఏమిటి?

చిన్నప్పుడు తండ్రితో కలిసి బతికిన ఫ్లాటు తలుపు తట్టింది బెవర్లీ. సొంతూరికి రావడం 27 ఏళ్ల తర్వాత ఇదే. తలుపు తీసింది ముక్కూమొహం తెలియని ఓ ముసలావిడ. పేరు మిసెస్ కెర్ష్. మీ నాన్న పోయాడమ్మా అన్న కబురు ఆవిడే చెప్పి, లోపలికి పిలిచి, టీ పెడతానంటుంది. గదిలో ఉక్క. ఏదో చెబుతూ చెబుతూనే ముసలావిడ ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. కదలదు, రెప్ప వాల్చదు. కాసేపయ్యాక ఏమీ జరగనట్టు మళ్లీ మాటల్లో పడుతుంది. మెడ కింద చర్మం కుళ్లుపట్టినట్టు ఉంటుంది. ఆవిడ వంటగదిలోకి వెళ్లాక బెవర్లీ గోడ మీది పాత ఫొటోలు చూస్తుంటే, వెనక గుమ్మంలో ఓ నగ్నాకారం చటుక్కున ఇటు నుంచి అటు పోతుంది. మనకు కనిపిస్తుంది, ఆమెకు కనిపించదు. ఒక ఫొటోలో సర్కస్ బండి ముందు నిలబడ్డ మగమనిషి. మా నాన్న సర్కస్‌లో చేరాడు, అంటుంది ముసలావిడ. ఆ తర్వాత ఎంతోసేపు పట్టదు, ఆవిడే రాక్షసిగా మారి మీదికి ఉరకడానికి.

2019 సెప్టెంబర్ 6న వచ్చిన ‘ఇట్: చాప్టర్ టూ’లోది ఈ సన్నివేశం. అంతకు నాలుగు నెలల ముందు టీజర్‌గా వదిలింది కూడా ప్రధానంగా దీన్నే. హాల్లో జనం కేకలు పెట్టింది రాక్షసిని చూసి. దర్శకుడు ఆండీ ముషియెట్టి దాచుకున్నది మాత్రం ఫొటోని. 2025 అక్టోబర్ 26న హెచ్‌బీవోలో మొదలైన ‘ఇట్: వెల్‌కమ్ టు డెరీ’ సిరీస్ ఆ ఫొటోలోని మనిషి ఎవరో, కూతురికి ఏమైందో చెప్పింది. విచిత్రంగా ఆ నెలంతా వెనక్కి చూడటమే సరిపోయింది. 2న ‘కాంతార: చాప్టర్ 1’ తొలి సినిమాకు ముందు కథతో వచ్చింది. 31న మన ‘బాహుబలి’ రెండు భాగాలూ కలిసి ‘ది ఎపిక్’ పేరుతో మళ్లీ థియేటర్లకెక్కాయి. కొత్త కథలు దొరకక పాతవాటిని తవ్వుకుంటున్నారన్న విమర్శ సహజంగానే వచ్చింది. అందులో నిజం ఉంది, కానీ సగమే. ప్రీక్వెల్ సిరీస్‌ను నిలబెట్టేది పాత సినిమా పేరు కాదు. సీక్వెల్ తన కథ ముగిస్తూనే జవాబు చెప్పకుండా వదిలిన ప్రశ్న నిలబెడుతుంది. ఆ ప్రశ్న లేనిచోట ఎంత డబ్బు పోసినా ఎవరూ ఎదురుచూడరు. (సిరీస్ ఇంకా చూడనివాళ్లకు ముందే ఒక మాట: ఈ కథనంలో గుట్లన్నీ విప్పేశాం.)

ముందుకు దారి లేనప్పుడు

మొదటి సినిమా తీసేవాళ్లకు గతం గురించి ఆలోచించే తీరిక ఉండదు. పాత్రల్ని పరిచయం చేయాలి, ప్రేక్షకుణ్ని కూర్చోబెట్టాలి, ఆడుతుందో లేదో తెలియని పెట్టుబడిని గట్టెక్కించాలి. 2017లో వచ్చిన ‘ఇట్’ అలాగే తీశారు. 1989 నాటి ఎండాకాలం, ఏడుగురు పిల్లలు, మురుగు కాలవలో దాక్కున్న పెన్నీవైజ్ అనే జోకర్ వేషపు పిశాచం. అంతే. రెండో సినిమాకు వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. ఓడిపోయిన పిశాచం మళ్లీ ఎందుకు వచ్చింది, అసలు ఎక్కడి నుంచి వచ్చింది, ఎలా చస్తుంది అన్నవి చెప్పక తప్పదు. దానికోసం రచయిత పాతాళం దాకా తవ్వాలి. అందుకే చాప్టర్ టూలో షోకోపివా అనే ఆదివాసీ తెగ, ఆకాశం నుంచి ఊడిపడ్డ కీడు, దాన్ని బంధించే క్రతువు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. సినిమా నిడివి అప్పటికే 169 నిమిషాలు. ఇక దేన్నీ విడమరిచే చోటు లేదు. అన్నీ సూచనలుగానే మిగిలాయి.

దీనికి తోడు సీక్వెల్ చివర పెన్నీవైజ్ చచ్చిపోతాడు. పిల్లలు పెద్దవాళ్లై, తిరిగొచ్చి, 2016లో వాడి పని పట్టారు. ఇక ముందుకు నడిపించడానికి కథ లేదు. ఉన్నదల్లా వెనకే. ‘జాన్ విక్’కూ ఇదే గతి పట్టింది. నాలుగో సినిమా 2023 మార్చిలో హీరో సమాధి దగ్గర ముగిసింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో 1970ల నాటి కథతో ‘ది కాంటినెంటల్’ సిరీస్ దిగింది. హీరోను చంపుకున్న కథలన్నీ తాతల కాలానికి పోవాల్సిందేనన్నమాట. పోయి అక్కడ ఏం వెతుక్కుంటున్నాయన్నదే ప్రశ్న.

> 27 ఏళ్లకోసారి
>
> స్టీఫెన్ కింగ్ ‘ఇట్’ నవల 1986లో వచ్చింది. వెయ్యి పేజీలు దాటిన పుస్తకం. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో డెరీ అనే కల్పిత పట్టణం. అక్కడి పిశాచం సుమారు 27 ఏళ్లకోసారి నిద్రలేచి, పిల్లల్ని తిని, మళ్లీ పడుకుంటుంది. నవలలో పిల్లల కథ 1957-58లో, పెద్దల కథ 1984-85లో నడుస్తుంది. సినిమాలు దాన్ని 1988-89కీ 2016కీ జరిపాయి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోతే 1962, 1935, 1908 వస్తాయి. సిరీస్‌ను మూడు సీజన్లుగా, ఇదే వరసలో వెనక్కి నడపాలన్నది తమ ఆలోచన అని ముషియెట్టి చెప్పారు. మొదటి సీజన్ 1962.

ఒక్క మాట, ఒక్క ఫొటో, ఒక తాత

కింగ్ నవలలో మధ్యమధ్య విరామ అధ్యాయాలున్నాయి. ఊరి లైబ్రేరియన్ మైక్ హాన్లన్ రాసుకున్న నోట్సు అవి. మిత్రులంతా ఊరు వదిలిపోయి చిన్నతనాన్ని మరిచిపోతే, మైక్ ఒక్కడే ఉండిపోయి డెరీ చరిత్రను పోగుచేస్తాడు. కిచెనర్ ఐరన్‌వర్క్స్‌లో పేలుడు, బ్రాడ్లీ ముఠాను నడివీధిలో కాల్చిపారేయడం, నల్లజాతి సైనికులు కట్టుకున్న ‘బ్లాక్ స్పాట్’ క్లబ్బును తెల్లవాళ్లు తగలబెట్టడం అన్నీ అందులో ఉన్నాయి. నవల చదివినవాళ్లలో చాలామందికి జోకర్ కన్నా ఈ అధ్యాయాలే ఎక్కువ గుర్తుంటాయంటే ఆశ్చర్యం లేదు. ఎందుకంటే అక్కడ పిశాచం చేసింది తక్కువ, మనుషులు చేసింది ఎక్కువ. సినిమాల్లో వీటికి పెద్దగా చోటు దొరకలేదు. 2017 సినిమాలో పిల్లలు గ్యారేజీలో మ్యాపు చూస్తూ ఐరన్‌వర్క్స్, బ్లాక్ స్పాట్ పేర్లు అలా అనేసి ముందుకెళ్లిపోతారు. ఆ ఒక్క మాట సిరీస్‌లో ఏడో ఎపిసోడ్‌లో చాలా భాగాన్ని ఆక్రమించింది.

తాత సంగతీ అంతే. మొదటి సినిమాలో మైక్ తాత లిరాయ్ కబేళాలో గొర్రెను చంపడానికి మనవడి చెయ్యి రాకపోతే కసురుతాడు. కటువైన మనిషి అనుకుని వదిలేస్తాం. 1962లో అదే లిరాయ్ కొరియా యుద్ధంలో విమానం నడిపి వచ్చిన వైమానిక దళ మేజర్. భార్య షార్లెట్, కొడుకు విల్‌తో డెరీకి బదిలీ మీద వస్తాడు. మెదడుకు తగిలిన దెబ్బతో అతనికి భయమన్నదే తెలియదు. పై అధికారులకు కావలసింది అదే. ఊరికి మాత్రం అతని చర్మం రంగే కనిపిస్తుంది. ఈ కుటుంబం పడ్డ పాట్లు చూశాక, కబేళాలో మనవణ్ని కసిరిన ముసలాయన మరోలా కనిపిస్తాడు. ప్రీక్వెల్ చేయాల్సిన పని ఇది. కొత్త సమాచారం చేర్చడం సరిపోదు, ముందే చూసేసిన సన్నివేశాన్ని మళ్లీ చూడాలనిపించాలి.

మిసెస్ కెర్ష్ విషయంలో ఇది ఇంకా బాగా కుదిరింది. 1962లో ఆమె పేరు ఇంగ్రిడ్. మ్యాడలిన్ స్టో ఆ పాత్ర వేశారు. జునిపర్ హిల్ పిచ్చాసుపత్రిలో పనిచేస్తుంటుంది. తండ్రి బాబ్ గ్రే సర్కస్‌లో జోకర్. 1908లో పిశాచం అతణ్ని మింగి, పిల్లల్ని ఆకట్టుకోవడానికి పనికొస్తుందని ఆ వేషాన్ని అట్టే పెట్టుకుంది. కూతురు మాత్రం ఆ జోకర్ లోపల ఎక్కడో నాన్న మిగిలే ఉన్నాడని నమ్ముతుంది. నాన్నను మళ్లీ మళ్లీ చూసుకోవడం కోసం వాడికి పిల్లల్ని అందిస్తుంది. చేసేది ఘోరమే, అయినా ఆమె ముఖంలో ఆశ చూస్తే పూర్తిగా అసహ్యించుకోలేం. సిరీస్ ముగింపులో కథ 1988కి దూకి, ముసలి ఇంగ్రిడ్‌ను చిన్నారి బెవర్లీ ఎదుట నిలబెడుతుంది. అక్కడ కనిపించేది చాప్టర్ టూలో ఆ పాత్ర వేసిన జోన్ గ్రెగ్సనే. 2019లో ఒక మాట, ఒక ఫొటోగా ఉన్న మనిషికి పూర్తి జీవితం వచ్చింది.

చివర తెలిసిన కథకు ఉత్కంఠ ఎక్కడిది?

ప్రీక్వెల్ అనగానే ఎదురయ్యే మొదటి అభ్యంతరం ఇది. జోకర్ 2016 దాకా చావడని తెలుసు. విల్ బతికి బట్టకట్టి మైక్‌కు తండ్రి అవుతాడనీ తెలుసు. ఇక గుండె ఎందుకు కొట్టుకోవాలి? ఈ ప్రశ్న తెలుగువాళ్లు అడగడం కొంచెం వింతే. 1957లో కె.వి.రెడ్డి ‘మాయాబజార్’ తీస్తే, శశిరేఖా అభిమన్యుల పెళ్లి చూసి నవ్వుకున్న జనంలో అభిమన్యుడు పద్మవ్యూహంలో చస్తాడని తెలియనివాడు ఒక్కడూ లేడు. వివాహ భోజనం ఆరగించిన ఘటోత్కచుడూ కురుక్షేత్రంలోనే కూలతాడు. వ్యాస భారతంలో లేని ఈ పెళ్లి కథను యుద్ధానికి ముందు ఇరికించిన మనవాళ్లు, ముగింపు తెలిసిన ప్రేక్షకుడికి ఎలా కథ చెప్పాలో ఎప్పుడో కనిపెట్టారు. పాండవోద్యోగ విజయాల పద్యాల కోసం తెల్లవార్లూ కూర్చున్నవాళ్లు రాయబారం ఫలిస్తుందేమోనని కూర్చోలేదు. ఏం జరుగుతుందో తెలిసినప్పుడు కళ్లు ఎలా జరుగుతుందన్న దాని మీద పడతాయి.

డెరీ సిరీస్ ఈ సౌకర్యాన్ని ఇంకోలా కూడా వాడుకుంది. సినిమాల్లో పేరు వినపడని పాత్రలకు హామీ ఏదీ లేదు. మొదటి ఎపిసోడ్‌లో కొందరు పిల్లల్ని పరిచయం చేసి, వీళ్లే మన బృందమని నమ్మించి, చివర్లో సినిమాహాల్లో వాళ్లలో ముగ్గుర్ని చంపేసింది. అక్కడి నుంచి ఎవర్నీ నమ్మలేం. బ్లాక్ స్పాట్ తగలబడుతున్నప్పుడు రిచ్ అనే కుర్రాడు తన నేస్తం మార్జ్‌ను ఐస్ పెట్టెలో దాచి, తను మంటల్లో పోతాడు. పెద్దయ్యాక మార్జ్‌కు పుట్టబోయే కొడుకు ఎవరో ఆఖరి ఎపిసోడ్‌లో తెలుస్తుంది: సినిమాల్లో నోటికి మూతలేకుండా జోకులేసే రిచీ టోజియర్. చచ్చిపోయిన స్నేహితుడి పేరే కొడుకు మోస్తున్నాడు. రెండు సినిమాల్లోనూ రిచీ నోటి దురుసుకు విసుక్కున్నవాళ్లకు ఈ ఒక్క సంగతి చాలు.

ఆఖరి మలుపు దగ్గరే పేచీ. పెన్నీవైజ్‌కు కాలం మనలా ముందుకు సాగదని, నిన్నా రేపూ ఒకేసారి తెలుస్తాయని, 2016లో తన చావు వాడికి 1962లోనే తెలుసని సిరీస్ చెబుతుంది. అందుకే తనను చంపబోయేవాళ్ల తల్లుల్నీ తండ్రుల్నీ వెతుక్కుంటున్నాడట. ఎత్తుగడ తెలివైనదే, తెలిసిన ముగింపునే ప్రమాదంలో పడేసింది. కానీ రెండువైపులా పదునున్న కత్తి ఇది. వాడు నిజంగా గతాన్ని మార్చగలిగితే సీక్వెల్‌లో పిల్లలు సాధించిన గెలుపుకు విలువేమిటి? మార్చలేకపోతే ఆ బెదిరింపుకు అర్థమేమిటి? 1935కూ 1908కీ వెళ్లినప్పుడు రచయితలు దీనికి జవాబు చెప్పుకోవాలి.

అన్నీ చెప్పేస్తే భయమేముంది?

రెండో అభ్యంతరం దీనికన్నా గట్టిది. చీకట్లో ఉన్నంతసేపే దయ్యం దయ్యం. పుట్టుపూర్వోత్తరాలు చెప్పేశాక భయం పోతుంది. ‘ది కాంటినెంటల్’కు తగిలిన దెబ్బ ఇలాంటిదే. జాన్ విక్ సినిమాల్లో ఆ హోటల్, బంగారు నాణేలు, లోపల రక్తం చిందించకూడదన్న కట్టడి ఆకట్టుకున్నది ఎవరూ వివరించనందుకే. 2017 నాటి రెండో సినిమా రోమ్ శాఖనూ, రక్తపు ముద్ర వేసిన ఒప్పందాన్నీ చూపించి ఊరుకుంది. ఎలా పుట్టాయని ప్రేక్షకుడు అడగలేదు. మూడు భాగాల సిరీస్ మేనేజర్ విన్స్‌టన్‌కు హోటల్ ఎలా దక్కిందో కూలంకషంగా చెప్పింది. స్పందన చప్పగా వచ్చింది. అడగని ప్రశ్నకు నాలుగున్నర గంటల జవాబు మరి.

డెరీ కూడా ఈ తప్పుకు దూరంగా ఏమీ లేదు. సైన్యం పిశాచాన్ని ఆయుధంగా వాడుకోవాలని చూసే కథ, దాన్ని ఊళ్లో బంధించి ఉంచే శిలాఖండాల లెక్క సిరీస్‌లో బలహీనమైన భాగాలు. పిశాచానికి నిబంధనలు ఎక్కువైనకొద్దీ అది సైన్స్ పాఠమైపోతుంది. సిరీస్ గట్టెక్కింది మరో జాగ్రత్త వల్ల. బిల్ స్కార్స్‌గార్డ్ వేసిన జోకర్‌ను పూర్తి రూపంలో అయిదో ఎపిసోడ్ దాకా చూపించలేదు. చూపించాక కూడా విప్పి చెప్పింది ఎక్కువగా మనుషుల గురించే: తండ్రి మీద ఆశ చావని కూతురు, క్లబ్బుకు నిప్పుపెట్టి మర్నాడు పనుల్లో పడిపోయే పెద్దమనుషులు. పిశాచం దాదాపు అర్థం కాకుండానే మిగిలింది. సిరీస్‌కు బలం అదే.

> టబు, పదివేల ఏళ్ల కిందట
>
> ‘డ్యూన్: పార్ట్ టూ’ 2024 మార్చి 1న వచ్చింది. రాజవంశాల్లో పెళ్లిళ్లనూ పుట్టుకలనూ తెర వెనక నడిపే బెనె జెసరిట్ సోదరీమణుల పన్నాగాలు ఆ సీక్వెల్‌లో ముందుకొచ్చాయి. తొమ్మిది నెలలు తిరక్కుండానే, నవంబర్ 17న, ఆ సంఘం పుట్టుక చెప్పే ‘డ్యూన్: ప్రాఫెసీ’ హెచ్‌బీవోలో మొదలైంది. హీరో పాల్ పుట్టడానికి పదివేల ఏళ్లకు ముందటి కథ. అందులో సిస్టర్ ఫ్రాన్సెస్కా మన టబు. హైదరాబాద్‌లో పుట్టి, 1991లో రాఘవేంద్రరావు ‘కూలీ నెం.1’తో తెలుగు తెరకు, 1996లో ‘నిన్నే పెళ్లాడతా’తో ఇంటింటికీ పరిచయమైన టబునే.

మాహిష్మతి మిగుల్చుకోనిది

2015 జులై 10 నుంచి 2017 ఏప్రిల్ 28 దాకా దేశమంతా ఒకే ప్రశ్న: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? జవాబు చెప్పడానికి ‘బాహుబలి 2’ వెనక్కే వెళ్లింది. సినిమాలో సింహభాగం అమరేంద్ర బాహుబలి కథ. అంటే సీక్వెల్ పేరుతో వచ్చిందే ప్రీక్వెల్. శివగామి ఆజ్ఞ, దేవసేన అభిమానం, బిజ్జలదేవుడి కుట్ర, కట్టప్ప దాస్యం అన్నిటికీ లెక్క చెప్పి, భల్లాలదేవుణ్ని చితిలో కాల్చి, తెర దించింది. అందుకే అంత తృప్తినిచ్చింది. విత్తనాలకు ఉంచాల్సిన వడ్లు కూడా దంచి వండి పెట్టిన విందు అది. హాల్లోంచి బయటికొచ్చిన ప్రేక్షకుడి దగ్గర పొగడ్తలున్నాయి, ప్రశ్న లేదు.

2018 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్ ‘బాహుబలి: బిఫోర్ ది బిగినింగ్’ ప్రకటించింది. ఆధారం ఆనంద్ నీలకంఠన్ రాసిన ‘ది రైజ్ ఆఫ్ శివగామి’ నవల. దర్శకులు దేవ కట్టా, ప్రవీణ్ సత్తారు. శివగామిగా మృణాల్ ఠాకూర్. ఈ సిరీస్‌లో తన అనుభవం గురించి నటుడు బిజయ్ ఆనంద్ ఒక ఇంటర్వ్యూలో చెబుతూ, హైదరాబాద్‌లో రెండేళ్లు షూటింగ్ చేశామనీ, 80 కోట్ల దాకా ఖర్చయ్యాక పక్కన పెట్టేశారనీ అన్నారు. తర్వాత తారాగణాన్ని మార్చి మళ్లీ మొదలుపెట్టాలన్న ప్రయత్నమూ ముందుకు సాగలేదు. అన్ని నెలలు కత్తులు తిప్పి, గుర్రాలెక్కి, సంభాషణలు బట్టీపట్టిన నటుల పని ఏ ప్రేక్షకుడి కంటా పడలేదు. సినిమా రంగంలో పరాజయం కన్నా చేదైనది ఇదే. పరాజయాన్ని కనీసం నలుగురు చూస్తారు.

ప్రశ్న లేకపోవడం వల్లే సిరీస్ ఆగిందని అనలేం. నిర్మాణంలో వందరకాల కారణాలుంటాయి. నీలకంఠన్ నవలలో సరుకు లేదనీ కాదు. కన్నతండ్రిని రాజద్రోహిగా చంపిన రాజ్యం మీద పగబట్టిన పిల్ల, అదే రాజ్యానికి రాజమాత ఎలా అయిందన్నది మంచి కథే. చిక్కల్లా సినిమాలో ఆ పగ జాడ ఎక్కడా లేకపోవడం. రమ్యకృష్ణ శివగామి మొదటి ఫ్రేములోనే పూర్తిగా తయారై వచ్చింది. తండ్రి గుర్తుగా ఒక నగ, ఊరి పేరు ఎత్తగానే తడబడే ఒక చూపు, అలాంటిదొక్కటి రెండో భాగంలో ఉండి ఉంటే జనం అప్పుడే అడిగేవాళ్లు. బొమ్మల సిరీస్‌లుగా వచ్చిన ‘ది లాస్ట్ లెజెండ్స్’, 2024 నాటి ‘క్రౌన్ ఆఫ్ బ్లడ్’ కొత్త శత్రువుల్ని తెచ్చి కథలు అల్లుకున్నాయి. పిల్లలు చూశారు. సినిమాల మీద కొత్త వెలుగేమీ పడలేదు.

> ముందే చేసిన కొప్పోలా
>
> దర్శకుడు కొప్పోలా 1974లో తీసిన ‘గాడ్‌ఫాదర్ పార్ట్ 2’ కొడుకు మైకేల్ కథను ముందుకూ, తండ్రి వీటో కథను వెనక్కూ ఒకే సినిమాలో నడిపింది. వీటో పడుచు వయసు మారియో పూజో 1969 నవలలోనే ఉంది. మొదటి సినిమాలో పట్టలేదు. 1977లో అమెరికా టీవీ సంస్థ ఎన్‌బీసీ రెండు సినిమాలనూ కలిపి, కాలక్రమంలో పేర్చి, నాలుగు రాత్రులు ప్రసారం చేసింది.

డబ్బు కోసమే కదా?

అవును, డబ్బు కోసమే. మొదటి ‘ఇట్’ సుమారు మూడున్నర కోట్ల డాలర్లతో తీస్తే దాదాపు 70 కోట్ల డాలర్లు తెచ్చింది. చాప్టర్ టూ 47 కోట్ల దగ్గర ఆగింది. వసూళ్లు తగ్గినా పేరుకు గిరాకీ ఉంది కాబట్టి స్టూడియో టీవీ వైపు చూసింది. డ్యూన్ సిరీస్‌నైతే మొదటి సినిమా విడుదలకు రెండేళ్ల ముందే, 2019లోనే ప్రకటించారు. వ్యాపారం ముందు, కథ తర్వాత. ఇందులో దాచాల్సిందేమీ లేదు. అయితే డబ్బు వివరించలేనిది ఒకటుంది. ఒకే రకం లెక్కలతో మొదలైన సిరీస్‌లలో ఒకటి మాటల్లో నిలిచి, ఇంకొకటి మూడో భాగానికే మరుపున పడటం ఎందుకు? డెరీ రచయితలకు 1986 నుంచీ పుస్తకంలో చరిత్ర సిద్ధంగా ఉంది, సీక్వెల్ దాన్ని ఖర్చుపెట్టకుండా చూపించి వదిలింది. రెండు సినిమాలు తీసిన చేయే సిరీస్ మీదా ఉంది. మన దగ్గర సీక్వెల్ రాస్తున్న దర్శకులు గ్రహించాల్సింది ఈ పొదుపును. చివరి రీల్లో పార్ట్ 3 అని అక్షరాలు వేయడం కాదు. అది ప్రకటన, ప్రశ్న కాదు.

ఇక చూడాలనుకునేవాళ్లకు ఒక మాట. కథాకాలం ప్రకారం చూద్దామని 1962తో మొదలుపెట్టకండి. ముందు 2017 సినిమా, తర్వాత 2019 సీక్వెల్, ఆఖరున సిరీస్. వరస తప్పితే చివరి ఎపిసోడ్‌లో మార్జ్ చూసే పోస్టర్ మీది కుర్రాడెవరో మీకు తెలియదు.